ఇంట్లో యాసిడ్‌తో బంగారం పరీక్ష చేయవచ్చా? అత్తగారి నగలు ముగ్గురికి పంచాలి

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. మా అత్తగారు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక మా వారు, మరిది, ఆడపడుచు కూర్చుని నగలు పంచుకుందామనుకున్నారు. నాలుగు గాజులు, ఒక నానుతాడు, ఒక జత రాళ్ల కమ్మలు, చిన్న కాసులపేరు ఉన్నాయి. దేని మీదా ముద్ర లేదు. అన్నీ నలభై యాభై ఏళ్ల కిందట మా వీధి కంసాలి చేతుల మీదుగా తయారైనవే.

ఒక షాపుకు తీసుకెళ్తే కౌంటర్ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి "పద్దెనిమిది క్యారెట్లు కూడా ఉండదమ్మా" అన్నారు. ఇంకో షాపులో "ఇరవై రెండే, మాకే ఇచ్చేయండి" అన్నారు. బంగారానికి పేరుపడ్డ ఊళ్లో ఉండి కూడా ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. ఆడపడుచు మొహంలో అనుమానం కనిపించింది. ఆమెను తప్పుపట్టను, ఆమె స్థానంలో ఉంటే నాకూ అలాగే ఉండేది.

ఆన్‌లైన్‌లో యాసిడ్ కిట్ తెప్పించాను. 14, 18, 22 అని రాసిన మూడు చిన్న సీసాలు, ఒక నల్లరాయి వచ్చాయి. 22 సీసా మూత తీయగానే ముక్కు మండింది. వెంటనే మూసేశాను. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. దీన్ని వాడాలా వద్దా? వాడితే ఎలా?

డాలస్_బాబాయి (అమెరికా)

అక్కా, ఇక్కడ తాకట్టు షాపుల్లో రోజూ చేసే పనే ఇది. రాయి మీద నగను గీయాలి, గీత మీద చుక్క వేయాలి. 18 యాసిడ్‌కు గీత నిలబడితే 18 లేదా అంతకన్నా ఎక్కువ. 22 యాసిడ్‌కు కూడా నిలబడితే 22. చెరిగిపోతే తక్కువ. నా దగ్గర కూడా కిట్ ఉంది, రెండేళ్లుగా వాడుతున్నాను. గరాజ్‌లో తలుపు తెరిచి చేస్తాను. భయపడాల్సిందేమీ లేదు.

గీటురాయి (జగిత్యాల)

నలభై ఏళ్లుగా ఔసల పని చేస్తున్న. బాబాయి గారు చెప్పిన పద్ధతి తప్పు కాదు, సగమే చెప్పిండ్రు. మిగతా సగం తెలియకపోతే ఇంట్లో తగువే మిగులుతది.

మొదటి సంగతి. యాసిడ్‌ను నగ మీద ఎప్పుడూ వేయొద్దు. రాయి మీది గీత మీదే వేయాలి.

రెండోది. ఒక్క గీత చూసి తీర్పు చెప్పలేం. మా దగ్గర లెక్క తెలిసిన బంగారు పుల్లలు ఉంటయి: 22 ఒకటి, 20 ఒకటి, 18 ఒకటి. నగతో ఒక గీత గీసి, దాని పక్కనే పుల్లతో అదే పొడవు, అదే మందంలో ఇంకో గీత గీస్తం. రెండింటికీ అడ్డంగా గాజు పుల్లతో యాసిడ్ తడి పూసి, ఏది ముందు మసకబారుతుందో చూస్తం. కన్ను ఆ తేడా పట్టాలె. నా గురువు దగ్గర ఆరు నెలలు గీతలు చూడటమే నా పని. 18కీ 22కీ తేడా కొత్తవాళ్లకు కూడా తెలుస్తది. 20కీ 22కీ తేడా మాత్రం కొత్త కంటికి అందదు. మీ తగువు సరిగ్గా అక్కడే వస్తది చెల్లె.

మూడోది. పాత నగకు పైపొర మంచిగ ఉంటది. పని అయినంక నగను ఆమ్లపు నీళ్లల్ల వేడిచేసి మెరుగు పెట్టేవాళ్లు. దాంతోటి పైన ఉన్న రాగి కొంత కరిగిపోయి, బంగారం ఎక్కువ ఉన్న పొర మిగులుతది. అందుకే తొలి గీత పారేస్తం. అదే చోట నాలుగైదుసార్లు రుద్దినంక వచ్చే గీతే లెక్క.

బందరు_రోల్డ్ (మచిలీపట్నం)

గీటురాయి గారు చెప్పిన మూడో సంగతి మా ఇంటి విద్య. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసే కుటుంబం మాది. రాగి మీదో ఇత్తడి మీదో బంగారు రేకు అతికించి సాగదీస్తే వచ్చేది రోల్డ్ గోల్డ్. పొర మందంగా ఉంటే రెండు మూడు గీతలదాకా అసలు బంగారమే రాయి మీదికి వస్తుంది. మేం రోల్డ్ గోల్డ్ అని చెప్పే అమ్ముతాం. చేతులు మారాక ఎవరేం చెప్పి అమ్ముతారో మా చేతిలో లేదు.

పైపూత ఉందని అనుమానం వస్తే కనబడని చోట, కొక్కెం వెనకో గాజు లోపలి అంచునో, సన్న ఆకురాయితో ఒక్క గాటు పెట్టి అక్కడ గీయాలి. ఇత్తడి అయితే యాసిడ్ తగలగానే ఆకుపచ్చగా పొంగి, గీత క్షణంలో మాయమవుతుంది. చూస్తే మర్చిపోలేరు. కానీ అత్తగారి గాజుకు గాటు పెట్టే ముందు మిగతా ఇద్దరినీ అడగండి.

రసాయనం_మాస్టారు (హనుమకొండ)

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. కాబట్టి సీసాలో ఏముందో చెబుతాను. ఏముందో తెలిస్తే ఎలా మసలుకోవాలో మీకే తెలుస్తుంది.

14 సీసాలో ముఖ్యంగా నత్రికామ్లం ఉంటుంది, అంటే నైట్రిక్ యాసిడ్. ఇది రాగినీ వెండినీ కరిగిస్తుంది, బంగారాన్ని ముట్టదు. 18, 22 సీసాల్లో నత్రికామ్లానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం తోడవుతుంది. ఒక పాలు నత్రికామ్లం, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ కలిస్తే ద్రవరాజం అంటాం. అది మేలిమి బంగారాన్ని కూడా కరిగిస్తుంది. 22 సీసా ఆ కోవకు చెందినదే. మీ ముక్కు మండింది క్లోరిన్, నైట్రోసిల్ క్లోరైడ్ వాయువుల వల్ల.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఆ వాయువులు సీసాలోంచి పోతున్నకొద్దీ 22 ఆమ్లం బలం తగ్గుతుంది. బలం తగ్గిన ఆమ్లం 18 క్యారెట్ల గీతను కూడా చెరపలేదు. అంటే పాతబడ్డ సీసా తక్కువ బంగారాన్ని మంచిదని చెబుతుంది. డాలస్ బాబాయి గారూ, రెండేళ్ల సీసా ఇచ్చే ఫలితం మీద నాకు నమ్మకం లేదు. ప్రతిసారీ ముందుగా క్యారెట్ తెలిసిన బంగారంతో సీసాను పరీక్షించాలి. గీటురాయి గారి పుల్లలు చేసే పని అదే.

ఇంకో మాట. బిగించిన సీసాలో వాయువు పేరుకుంటే ఒత్తిడి పెరుగుతుంది. ఎండ తగిలే కిటికీలో, వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టొద్దు. స్టీలు సామాను పక్కన పెట్టినా ఆ ఆవిరికే తుప్పు పడుతుంది.

నైట్‌డ్యూటీ (గుంటూరు)

అక్కా, నేను క్యాజువాలిటీలో నర్సును. ఆరేళ్ల పాప ఉందన్నారు, అది చదవగానే ఆగలేకపోయాను. ఆ సీసాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ముందు తాళం ఉన్న బీరువాలోకి మార్చండి, తర్వాత మిగతాది చదవండి. కిట్ సీసాలు కళ్లలో వేసుకునే మందు సీసాల్లా ఉంటాయి. అదే నా భయం.

నత్రికామ్లం పడితే చర్మం పసుపు రంగుకు తిరుగుతుంది. వెంటనే కొళాయి కింద పెట్టి, ధారగా వచ్చే నీళ్లతో కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. ఉంగరం, గాజులు, తడిసిన బట్ట తీసేయాలి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయించాలి. వెన్న, పసుపు, టూత్‌పేస్ట్, వంటసోడా, సున్నం, ఏదీ రాయొద్దు. సోడా ఆమ్లానికి విరుగుడే కదా అని చర్మం మీద చల్లితే ఆ చర్య వల్ల పుట్టే వేడి కూడా చేరుతుంది. మింగితే వాంతి చేయించొద్దు, పోయేటప్పుడు కాలిన గొంతు వచ్చేటప్పుడు మళ్లీ కాలుతుంది.

నత్రికామ్లం రాగికి తగిలితే లేచే గోధుమరంగు పొగ పీలిస్తే అప్పటికి కాస్త దగ్గు వచ్చి తగ్గిపోతుంది. ఏమీ లేదనుకుంటారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలయ్యేది కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి. అలా రాత్రి పదకొండుకు మా దగ్గరికి వచ్చిన ఒకాయన పొద్దున పాత కాయిల్స్‌లో రాగిని నత్రికామ్లంతో కరిగించాడు. మధ్యాహ్నం భోజనం కూడా చేశానన్నాడు. వచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. రాయి మీద ఒక చుక్కతో అంత పొగ రాదు. కానీ సీసా ఒలికి రాగి మీదో ఇత్తడి పళ్లెం మీదో పడితే వస్తుంది.

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

చెల్లీ, సీసాలు ఫ్రిజ్ పైన పెట్టాను. ఇప్పుడే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. నిజంగా టెన్షన్ వచ్చింది. మాస్టారూ, తప్పనిసరిగా చేయాలంటే పద్ధతి ఏమిటి? లేక అసలు వద్దంటారా?

రసాయనం_మాస్టారు (హనుమకొండ)

మీ విషయంలో అవసరం లేదంటాను, కారణం కింద చెబుతాను. కానీ ఇది చదివి ఎవరో ఒకరు ఎలాగూ చేస్తారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆరుబయటో, గాలి బాగా ఆడే వరండాలోనో కూర్చోవాలి. ఫ్యాన్ గాలి మొహం వైపు రాకూడదు. కళ్లకు చుట్టూ మూసుకుపోయే గాగుల్స్ కావాలి, మామూలు కళ్లజోడు చాలదు. చేతులకు గ్లౌజులు వేసుకోవాలి. పల్చటి గ్లౌజును గాఢమైన నత్రికామ్లం నిమిషాల్లో తినేస్తుంది, తడి తగిలితే వెంటనే మార్చాలి. కింద పింగాణీ పళ్లెం ఉండాలి, లోహపు పళ్లెం కాదు. పక్కన బకెట్ నీళ్లు, ఒక గిన్నెలో వంటసోడా సిద్ధంగా ఉండాలి. రాయి మీద ఒక్క చుక్క చాలు. అయిపోయాక రాయి మీద నీళ్లు పోసి, ఆ నీళ్లలో పొంగు ఆగేదాకా సోడా వేసి, తర్వాత ఎక్కువ నీళ్లతో పారబోయాలి. చేతులకు శానిటైజర్ రాసుకుని కూర్చోవద్దు. ఆల్కహాల్, అసిటోన్ లాంటివి నత్రికామ్లంతో కలిస్తే మంటలు, పేలుడు కూడా రావచ్చు. బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వస్తుంది. ముత్యాలు, పగడాలు ఆమ్లం తగిలితే కరుగుతాయి, వాటిని ఆ దరిదాపుల్లో ఉంచవద్దు.

షాపులో విడిగా ఆమ్లం కొనడానికి వెళ్లేవారికి: 2013లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక అమ్మేవారు రిజిస్టర్ రాయాలి, కొనేవారు ఫొటో గుర్తింపు కార్డు చూపి కారణం చెప్పాలి. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. ఆడపిల్లల మొహాల మీద పోసిన ఆమ్లం వల్ల వచ్చిన నియమమది. దాన్ని తప్పించుకునే దారులు ఇక్కడ ఎవరూ అడగవద్దు.

ఇక ఆమ్లం లేని దారి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న తక్కెడ, ఒక గాజు గ్లాసు, దారం చాలు. ముందు నగను పొడిగా తూచండి. తర్వాత తక్కెడ మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. నగను దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా పట్టుకోండి, అడుగుకూ అంచుకూ తగలకూడదు. అప్పుడు కనబడే అంకె నగ పక్కకు నెట్టిన నీళ్ల బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగించండి, వచ్చేది సాంద్రత. మేలిమి బంగారానికి 19.3 వస్తుంది. 22 క్యారెట్లకు 17.6 నుంచి 17.8 దాకా, 20కి 16.5 దగ్గర, 18కి 15.4 అటూఇటూ. ఇత్తడికి 8.5 దగ్గరే ఆగిపోతుంది.

రాళ్లు, లక్క, బోలు ఉన్న నగలకు ఇది పనికిరాదు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత కూడా 19.25 కాబట్టి బిస్కెట్లు, నాణేల్లో దాన్ని దాస్తే దొరకదు. మీ ఇంటి గాజుల్లో అలాంటిది ఉండదు.

డాలస్_బాబాయి (అమెరికా)

మాస్టారూ, మీరు చెప్పాక నిన్న నా 22 సీసాను మా ఆవిడ 18 క్యారెట్ల ఉంగరంతో పరీక్షించాను. గీత చెక్కుచెదరలేదు. అంటే రెండేళ్లుగా నేను "22" అని చెప్పిన ప్రతి నగ విషయంలో నా మాటకు విలువ లేదు. స్నేహితులకు కూడా చూసిపెట్టాను, వాళ్లందరికీ ఇవాళ ఫోన్ చేసి చెబుతున్నాను. పెద్దకోడలు అక్కా, నా మొదటి సలహాను పక్కన పెట్టండి.

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

ఆదివారం అందరం కలిసి తూచాం. ఆడపడుచే దారం పట్టుకుంది, మరిది లెక్కలు రాశాడు.

ఒక్కో గాజు విడిగా తూస్తే ఒకదానికి 17.3, ఇంకోదానికి 17.9 వచ్చింది. నాలుగూ కలిపి తూచాం: పొడిగా 46.48 గ్రాములు, నీళ్లలో 2.63. భాగిస్తే 17.67. నానుతాడు 31.85 గ్రాములు, నీళ్లలో 1.94. అంటే 16.4. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నానుతాడు తక్కువ బంగారమా?

రసాయనం_మాస్టారు (హనుమకొండ)

గాజులు కలిపి తూచడం చాలా మంచి పని. చిన్న నగకు తక్కెడలో 0.01 తేడా వచ్చినా ఫలితం చాలా మారుతుంది, బరువు పెరిగితే ఆ తప్పు తగ్గుతుంది. నానుతాడు అల్లికలో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, తాడును మునిగినప్పుడే రెండుమూడుసార్లు కుదిపి మళ్లీ చూడండి. గ్లాసు సున్నా చేయడం మరవద్దు.

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

కుదుపుతుంటే సన్న బుడగలు వరసగా పైకి వచ్చాయి మాస్టారూ. ఇప్పుడు 1.86. అంటే 17.1.

గీటురాయి (జగిత్యాల)

చెల్లె, దాంట్ల మోసం లేదు. పాత నానుతాడుకు ప్రతి కలుపు దగ్గర టంకం ఉంటది. టంకం తాడు కంటే ముందు కరగాలె కాబట్టి దాంట్ల రాగో వెండో ఎక్కువ కలుపుతరు. తాడు ఒంటి బంగారం 22 ఉన్నా, మొత్తం కరిగిస్తే అంతకన్న తక్కువే తేలుతది. గాజుకు ఒక్క అతుకు, తాడుకు వందల అతుకులు. ఆ రోజుల్ల అది మామూలు.

తర్వాత టంకంల కాడ్మియం కలిపే పద్ధతి వచ్చింది. కేడీఎం అని గొప్పగా చెప్పి అమ్మిండ్రు. అది కరిగేటప్పుడు వచ్చే పొగ పని చేసేవాళ్ల ఊపిరితిత్తులను తినేసింది. నాతోటి పని నేర్చుకున్న ఇద్దరు దగ్గుతోనే పోయిండ్రు. నగ మీద కేడీఎం అని ఉంటే అది హాల్‌మార్క్ కాదు, ఎవరూ దాన్ని చూసి ధర కట్టొద్దు.

ఇగ పంపకానికి కాగితం కావాలంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తించిన హాల్‌మార్కింగ్ సెంటర్‌కు పోండి. ముద్ర లేని పాత నగలను కూడా పరీక్ష చేసి రిపోర్టు ఇస్తరు. 2022లో ప్రకటించిన ధర నాలుగు నగల దాకా 200 రూపాయలు, ఐదు లేదా ఎక్కువైతే నగకు 45. సెంటర్‌ల పరీక్ష చేసే మిషన్ కూడా పైపొరనే చూస్తది, అందుకే మూడు నాలుగు చోట్ల పెట్టి చూడమనండి, అతుకు మీద ఒకసారి, పక్కన ఒకసారి.

మీ కాలపు నగలకైతే ఇంత శ్రమ లేదు. ముద్రల పక్కన హెచ్‌యూఐడీ అని, అక్షరాలు అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు నంబరు ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌ల కొడితే వివరం వస్తది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరైన నగను అది లేకుండా షాపులో అమ్మకూడదు.

నైట్‌డ్యూటీ (గుంటూరు)

ఆ యాప్ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. నా పెళ్లి గొలుసు వెనక ఆరక్షరాలు ఏమిటా అనుకునేదాన్ని. ఇప్పుడే కొట్టి చూశాను, 22కె916 అని వచ్చింది.

బందరు_రోల్డ్ (మచిలీపట్నం)

ముద్ర ఉన్న నగ పరీక్షలో తక్కువ తేలితే ఊరుకోవద్దు. తగ్గిన మేరకు లెక్కకట్టిన డబ్బుకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా కొన్నవాళ్లకు ఇవ్వాలని 2018 బీఐఎస్ నియమాల్లో ఉంది. బిల్లు మాత్రం దాచుకోవాలి.

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

నిన్న సెంటర్‌కు వెళ్లొచ్చాం, ముగ్గురూ వచ్చారు. గాజులు నాలుగూ 91 శాతం పైనే, అంటే 22 క్యారెట్ల లెక్కే. నానుతాడు ఒంటి మీద 91, అతుకు మీద 84. గీటురాయి అన్న చెప్పింది అక్షరాలా నిజం. కాసులపేరులో కాసులు 90 దాటాయి, వెనక కొక్కెం మాత్రం తర్వాత ఎవరో మార్చింది, 75 వచ్చింది. పద్దెనిమిది కూడా ఉండదన్న షాపు దేన్ని చూసి అలా అన్నదో మరి.

ఆడపడుచు రిపోర్టు రెండుసార్లు చదివి, "అమ్మ కంసాలి దగ్గర కూర్చుని పని అయ్యేదాకా లేచేది కాదు" అంది. నానుతాడు ఆమే తీసుకుంటానంది. తరుగు లెక్క వేసి ఇద్దాం అంటే, వద్దు, ఉన్నదున్నట్టే కావాలి అంది.

రాళ్ల కమ్మలు ఒక్కటే మిగిలాయి. మిషన్ కింద రాళ్ల పక్కన సన్న అంచు మాత్రమే అందింది, లోపల లక్క ఉందన్నారు. గీటురాయి అన్నా, వాటిని విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?

గీటురాయి (జగిత్యాల)

విప్పకుండా లేదు చెల్లె. విప్పితే లక్క పోతది, రాయి వదులైతది, మళ్లీ అట్ల పొదిగే చేతులు ఇప్పుడు తక్కువ. వెనక మర, తీగ రెండు చోట్ల చూపించి దాన్నే లెక్క పట్టుకోండి. మొత్తం బరువుల రాళ్లు, లక్క కూడా కలిసి ఉంటయి, అంత బంగారం అని ఎవరికీ రాసివ్వకండి.

ఆ మూడు సీసాలు మాత్రం ఇంట్ల ఉంచకండి. పక్కన కంసాలి దుకాణం ఉంటే ఇచ్చేయండి, వాళ్లకు పనికొస్తయి.

పెద్దకోడలు (ప్రొద్దుటూరు)

సాయంత్రం మా వారు బజారు వీధిలో ఒక పెద్దాయన దుకాణంలో ఇచ్చి వచ్చారు. ఆయన 22 సీసా మూత తీసి, తన పుల్లతో రాయి మీద గీసి, చుక్క వేసి చూశారట. "ఇంకా బలంగానే ఉంది" అన్నారట. నల్లరాయి మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, పాప దాని మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. దాన్ని సోడా నీళ్లతో రెండుసార్లు కడిగాకే ఇచ్చాను మాస్టారూ, సరిపోతుందా?

రసాయనం_మాస్టారు (హనుమకొండ)

మీరు దాని మీద ఆమ్లం వేయలేదు కాబట్టి రాయికి భయం లేదు. అయినా సీసాలతో ఒకే పెట్టెలో వచ్చింది, ఏ సీసా అయినా దారిలో కారి ఉండవచ్చు. ఇంకోసారి ధారగా వచ్చే నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి ఇవ్వండి. ఆ పెట్టెలోని అట్ట, కాగితం మాత్రం పాప చేతికి ఇవ్వవద్దు, పారేయండి.